ఒక బ్యాటరీ పోయింది, ఇంకోటి పోబోయి ఆగింది

కంప్యూటర్ యూపీఎస్ లోపల చిన్న సీల్డ్ బ్యాటరీ (నీళ్ళు పోయనక్కర్లేనిది) ఉంటుంది కదా, 12 వోల్టులు 7 ఏహెచ్‌ది (ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే అంకె), దాన్ని మారుద్దామని మూత తీస్తే అది బయటికి రాలేదు. రెండు పక్కలా ఉబ్బిపోయి పెట్టెలో బిగుసుకుపోయింది. స్క్రూడ్రైవర్‌తో ఎత్తి లాగుదామా అనిపించింది గానీ (మీరు మాత్రం ఆ పని చేయకండి, లోపల ఉన్నది యాసిడ్) చివరికి యూపీఎస్ బాడీ స్క్రూలన్నీ విప్పి రేకు కాస్త వంచితే గానీ ఊడి రాలేదు. పెట్టి రెండేళ్ళు కూడా కాలేదు. ఆ రెండేళ్ళలో కరెంటు పోయింది మహా అయితే పది పన్నెండు సార్లు, అదీ రెండు మూడు నిమిషాలు. అంటే అది ఒళ్ళు వంచి పని చేసిందే లేదు, కూర్చుని కూర్చునే పోయింది.

సరిగ్గా అదే సమయానికి ఇన్వర్టర్‌కి ఉన్న, నీళ్ళు పోసే పెద్ద ట్యూబ్యులర్ బ్యాటరీ, 150 ఏహెచ్‌ది, నాలుగు గంటలు రావాల్సిన బ్యాకప్ గంటంపావుకే దిగిపోవడం మొదలెట్టింది. ఇదేమో రోజూ పని చేసేదే. ఒకటి వాడకుండా పోయింది, ఇంకోటి వాడుతుంటే పోతోంది, ఎవర్ని అడిగినా "బ్యాటరీ అంటే అంతే, కొత్తది పెట్టించుకో" అన్నారు. నాకు మాత్రం ఒక అనుమానం పట్టుకుంది, ఈ రెండిటికీ కామన్‌గా ఉన్నది ఏంటి అంటే 24 గంటలూ వాటికి తగిలించి ఉన్న చార్జర్, మరి దాని వైపు ఒక్కరోజైనా చూశానా అని. చూడలేదు. మల్టీమీటర్ పెట్టి కొలవడం అప్పుడు మొదలెట్టాను.

కొలిచిన అంకెలు చెప్పేముందు లోపల ఏం జరుగుతుందో రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే అంకెలు అర్థం కావు. ఈ రెండూ లెడ్ యాసిడ్ బ్యాటరీలే, 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త మొదటిది తయారు చేసిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా కెమిస్ట్రీ ఒకటే. పాజిటివ్ ప్లేటు మీద లెడ్ డయాక్సైడ్, నెగటివ్ మీద మెత్తటి స్పాంజి లాంటి సీసం, మధ్యలో నీళ్ళు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. కరెంటు వాడుకుంటున్నప్పుడు రెండు ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, యాసిడ్ పల్చబడుతుంది. చార్జింగ్ పెడితే ఆ సల్ఫేట్ కరిగి మళ్ళీ యాసిడ్‌లోకి పోతుంది. ఇప్పుడు చార్జింగ్ పూర్తి చేయకుండా మధ్యలో వదిలేశాం అనుకోండి, మిగిలిపోయిన సల్ఫేట్ మొదట్లో సన్న పొడిలా ఉన్నది రోజులు గడిచేకొద్దీ పెద్ద పెద్ద స్ఫటికాలుగా గట్టిపడుతుంది, ఇక మామూలు చార్జింగ్‌కి కరగదు. దీన్నే సల్ఫేషన్ అంటారు. అలా కాకుండా సల్ఫేట్ అంతా అయిపోయాక కూడా చార్జర్ ఇంకా తోస్తూనే ఉంటే ఆ కరెంటు వెళ్ళి నీళ్ళని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొడుతుంది, పాజిటివ్ ప్లేటు లోపల ఉండే సీసం చట్రాన్ని తినేస్తుంది. నా దగ్గర ఈ రెండు జబ్బులూ చెరొక బ్యాటరీకి వచ్చాయన్నమాట.

పెద్దదాని సంగతి ముందు.

పొద్దున్నే ఇన్వర్టర్ ఆపేసి, వైరు తీసేసి, నాలుగైదు గంటలు వదిలేసి మీటర్ పెడితే 12.40 వోల్టులు చూపించింది. (చార్జింగ్ ఆపిన వెంటనే కొలిస్తే ఆ అంకెకి విలువ లేదు, పైపైన చార్జ్ ఉంటుంది, అది దిగేదాకా ఆగాలి.) 12.40 అంటే ముప్పావు వంతు పైనే ఉన్నట్టు, అంత ఘోరంగా ఏం లేదే అనుకుని హైడ్రోమీటర్ (యాసిడ్ చిక్కదనం, అంటే గ్రావిటీ, కొలిచేది) ముంచితే సెల్స్ (బ్యాటరీలో ఉండే ఆరు గదులు) అన్నీ 1.170 నుంచి 1.190 మధ్యలో కొట్టుకుంటున్నాయి. ఆ బ్యాటరీకి ఫుల్ చార్జ్ గ్రావిటీ 1.240. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, గ్రావిటీకి 0.84 కలిపితే దాదాపుగా ఒక సెల్ వోల్టేజ్ వస్తుంది, ఆరు సెల్స్ కాబట్టి ఆరుతో గుణించాలి. 1.180కి లెక్కేస్తే 12.12 రావాలి. మీటర్ ఏమో 12.40 అంటోంది. మీటర్ తప్పా, హైడ్రోమీటర్ తప్పా అని రెండో మీటర్ కూడా పెట్టి చూశాను, అదీ అదే చెప్పింది. చాలాసేపు బుర్ర గోక్కున్నాక తెలిసింది ఏంటంటే రెండూ నిజమే చెబుతున్నాయి. చిక్కటి యాసిడ్ బరువు కాబట్టి అడుక్కి దిగిపోయింది, పైన పల్చటి నీళ్ళలాంటిది మిగిలింది. హైడ్రోమీటర్ పీల్చేది పై పొర నుంచి, అందుకే తక్కువ చూపించింది. వోల్టేజ్‌ని మాత్రం అడుగున ఉన్న చిక్కటి యాసిడ్ పైకి లాగుతోంది. సింపుల్‌గా చెప్పాలంటే మజ్జిగ కదపకుండా వదిలేస్తే పైన తేట, అడుగున చిక్కన ఎలా అవుతుందో అలాగ. దీంతో వచ్చే నష్టం ఏంటంటే ప్లేటు అడుగు భాగం ఎప్పుడూ ఘాటు యాసిడ్‌లో నాని సల్ఫేట్ పట్టిపోతుంది, పై భాగానికి సరిపడా యాసిడ్ దొరకదు, మొత్తం ప్లేటులో సగమే పని చేస్తుంది.

మరి ఎందుకలా అడుక్కి దిగింది? కదిపేవాళ్ళు లేక. ఇలాంటి నీళ్ళు పోసే బ్యాటరీలో యాసిడ్‌ని కదిపేది చార్జింగ్ చివర్లో వచ్చే బుడగలే. సెల్‌కి సుమారు 2.4 వోల్టులు, అంటే మొత్తం మీద 14.4 దగ్గరికి వెళ్తే గానీ ఆ బుడగలు గట్టిగా రావు. నా ఇన్వర్టర్ వెనకాల బ్యాటరీ రకం ఎంచుకోవడానికి ఒక చిన్న స్విచ్ ఉంది, వేలి గోరంత, అది సీల్డ్ వైపు ఉంది. పెట్టిన రోజు నుంచీ అలాగే ఉందన్నమాట, పెట్టినప్పుడు చూసుకోవాల్సింది నేనే కదా. దాంతో చార్జర్ 14.0 దాకా వెళ్ళి కాసేపు ఉండి 13.6కి దిగిపోతోంది. రోజూ అంతే. బుడగ అన్నదే చూడలేదు ఆ బ్యాటరీ.

ఇక్కడ చార్జింగ్ స్టేజీల గురించి చెప్పుకోవాలి. బిందె పట్టడం లాంటిదే ఇది. మొదట్లో పంపు ఫుల్లుగా తిప్పేయొచ్చు, బిందె మెడ దగ్గరికొచ్చాక ధార తగ్గించాలి, నిండాక ఎంత ఆవిరైతే అంత బొట్లు బొట్లుగా పడితే చాలు. మొదటిది బల్క్, చార్జర్ తనకి చేతనైనంత కరెంటు ఇస్తుంది, నీళ్ళ బ్యాటరీకైతే కెపాసిటీలో పదో వంతు, నా 150 ఏహెచ్‌కి 15 ఆంపియర్లు అన్నమాట, కాస్త ఎక్కువైనా తట్టుకుంటుంది. ఇది డెబ్భై ఎనభై శాతం దాకా తీసుకెళ్తుంది. రెండోది అబ్సార్ప్షన్, వోల్టేజ్ 14.4 దగ్గర కదలకుండా పట్టుకుని ఉంటే బ్యాటరీ లాగే కరెంటు దానంతటదే తగ్గుతూ వస్తుంది. మూడోది ఫ్లోట్, 13.5 నుంచి 13.8 మధ్యలో, ఊరికే నిలబెట్టి ఉంచడానికి.

అందరూ పొరబడేది రెండో స్టేజీ దగ్గర. చివరి ఇరవై శాతం ఎక్కడానికి మొదటి ఎనభై ఎక్కినంత సేపు పట్టొచ్చు. కొన్ని చార్జర్లు టైమర్ మీద నడుస్తాయి, గంటో రెండు గంటలో చూసి ఫ్లోట్‌లోకి దూకేసి పచ్చ లైటు వెలిగించేస్తాయి, మనం ఫుల్ అయిందనుకుంటాం. ఎంతసేపు ఉంచాలి అన్నది గడియారం చూసి కాదు, కరెంటు చూసి తేల్చాలి. 14.4 దగ్గర ఉండగా బ్యాటరీ లాగే కరెంటు కెపాసిటీలో ఒకటి రెండు శాతానికి పడిపోతే, అంటే 150 ఏహెచ్‌కి ఒకటిన్నర నుంచి మూడు ఆంపియర్లకి వస్తే, అప్పుడు నిజంగా నిండినట్టు. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఒకటి ఉంటే వైరు చుట్టూ పెట్టి చూసుకోవచ్చు. ఫ్లోట్‌లో వదిలేసినా మిగతాది మెల్లిగా నిండుతుంది కదా అని ఒక ఫ్రెండ్ అన్నాడు, నిండుతుంది, కానీ దానికి రోజులు పడుతుంది, ఈలోపు మళ్ళీ కరెంటు పోతుంది. ప్రతిసారీ కొంచెం కొంచెం తక్కువ నిండుతూ, ఆ తక్కువే గట్టిపడుతూ వస్తుంది. తీసుకున్న దానికంటే పది ఇరవై శాతం ఎక్కువే తిరిగి పెట్టాలి, ఆ అదనం వేడికీ బుడగలకీ పోయేదే అయినా తప్పదు.

స్విచ్ మార్చాను. కానీ అప్పటికే పేరుకున్నది దాంతో పోదు కదా, ఈక్వలైజ్ చేయాల్సి వచ్చింది. అంటే కావాలనే తక్కువ కరెంటుతో ఎక్కువ వోల్టేజ్ దాకా తీసుకెళ్ళి బుడగలు తెప్పించి యాసిడ్ కలిసేలా, వెనకబడ్డ సెల్స్ మిగతావాటిని అందుకునేలా చేయడం. ఇది నీళ్ళు పోసే బ్యాటరీకే, సీల్డ్‌కీ జెల్‌కీ (యాసిడ్ ముద్దలా గడ్డకట్టి ఉండేది) ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ముందు ఇన్వర్టర్ పూర్తిగా విడదీశాను ఎందుకంటే ఆ వోల్టేజ్ దానికి పడకపోవచ్చు, నీళ్ళు ప్లేట్ల పైన ఉన్నాయో లేదో చూశాను, కిటికీలు తలుపులు తెరిచాను. గాలిలో హైడ్రోజన్ నాలుగు శాతం దాటితే ఒక్క నిప్పురవ్వ చాలు, అందుకే క్లిప్పులు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ సప్లై ఆపేసే చేశాను, కళ్ళద్దాలు పెట్టుకున్నాను. కరెంటు లిమిట్ పెట్టుకోగలిగే పవర్ సప్లైతో 6 ఆంపియర్లు, పైన 15.5 వోల్టులు. గంటకోసారి ఆరు సెల్స్ గ్రావిటీ రాసుకోవడం. వరసగా మూడు రీడింగులు కదలకుండా అలాగే ఉంటే ఆపేయాలి, యాసిడ్ వేడి 50 డిగ్రీలకి వచ్చినా ఆపేయాలి. నాకు దాదాపు ఏడు గంటలు పట్టింది. మొదటి రెండు గంటలు ఏమీ కదల్లేదు, డబ్బా నుంచి సన్నగా బుసబుస శబ్దం తప్ప, వదిలేద్దామా అనుకున్నాను కూడా. మూడో గంట నుంచి ఒక్కొక్క సెల్ ఎక్కడం మొదలెట్టింది. చివరికి ఐదు సెల్స్ 1.230 చుట్టుపక్కలకి వచ్చాయి, నాలుగోది మాత్రం 1.205 దగ్గర ఆగింది. బ్యాకప్ మూడు గంటల దాకా తిరిగొచ్చింది. మొత్తం రాలేదు, గట్టిపడ్డ సల్ఫేట్ కొంత ఎప్పటికీ రాదు.

హైడ్రోమీటర్ వాడేవాళ్ళకి ఒక మాట, వేడి యాసిడ్ తక్కువ చూపిస్తుంది. 10 డిగ్రీలు పెరిగితే సుమారు 0.007 తగ్గుతుంది, కాబట్టి వేడి మీద ఉన్నప్పుడు చూసిన అంకెకి ఆ మాత్రం కలుపుకోండి. ఏడు గంటలు ఈక్వలైజ్ చేసిన బ్యాటరీ వేడిగా ఉంటుంది మరి.

ఇక ఉబ్బిపోయిన చిన్నదాని కథ దీనికి పూర్తిగా రివర్స్. అక్కడ చార్జర్ ఎప్పుడూ తక్కువ పెట్టలేదు. కొలిస్తే ఫ్లోట్ 13.8 ఉంది, పుస్తకం ప్రకారం తప్పేం కాదు. కానీ ఆ అంకె 25 డిగ్రీల వేడికి చెప్పినది. నా యూపీఎస్ ఉన్నది టేబుల్ కింద మూసేసిన అరలో, పక్కనే దాని సొంత ట్రాన్స్‌ఫార్మర్, థర్మామీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 40 డిగ్రీలు. వేడి పెరిగేకొద్దీ ఫ్లోట్ తగ్గించాలి, సెల్‌కి డిగ్రీకి 3 మిల్లీవోల్టుల చొప్పున, 12 వోల్టుల బ్యాటరీకి 18 మిల్లీవోల్టులు. 15 డిగ్రీల తేడాకి 0.27 వోల్టు. అంటే అక్కడ 13.5 దాటకూడనిది రాత్రీ పగలూ 13.8 మీద కూర్చుంది. పావు వోల్టే కదా అనిపిస్తుంది. కానీ ఫ్లోట్ అంటే సంవత్సరానికి ఎనిమిది వేల ఏడొందల అరవై గంటలు, అన్ని గంటలూ ఆ పావు వోల్టు నీళ్ళని ఎండబెడుతూ చట్రాన్ని తింటూ ఉంటుంది. సీల్డ్ దాంట్లో మనం నీళ్ళు పోయలేం కూడా, పోయింది పోయినట్టే. ఎండేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది, లాగేకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా లాగుతుంది. అది చేయి దాటితేనే డబ్బా మెత్తబడి ఉబ్బేది. అసలు చార్జింగ్ సంగతి పక్కన పెట్టినా, వేడి పెరిగిన ప్రతి 8 నుంచి 10 డిగ్రీలకి బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని లెక్క, ఐదేళ్ళు రావాల్సింది రెండేళ్ళకే పోవడంలో వింతేముంది.

ఈసారి కొత్తది పెట్టేటప్పుడు మొదట అర తలుపు పీకేశాను. సగం సమస్య అక్కడే పోయింది, 31 డిగ్రీలకి వచ్చింది. మంచి చార్జర్లకి బ్యాటరీ టెర్మినల్‌కి అతికించే టెంపరేచర్ సెన్సార్ వైరు ఒకటి వస్తుంది, చాలామంది దాన్ని ప్యాకెట్ విప్పకుండా అట్టపెట్టెలోనే వదిలేస్తారు, దయచేసి పెట్టుకోండి. సెన్సార్ లేని చార్జరైతే ఎండాకాలం ఒక సెట్టింగు, చలికాలం ఒక సెట్టింగు చేత్తో మార్చుకున్నా ఫర్వాలేదు. చలికాలంలో రివర్స్, వోల్టేజ్ పెంచాలి, లేకపోతే పైన చెప్పిన సల్ఫేషన్ కథ మొదలవుతుంది. జెల్ బ్యాటరీ అయితే అబ్సార్ప్షన్ కూడా 14.1, 14.2 దాటనివ్వద్దు, గ్యాస్ వచ్చిందంటే ఆ జెల్‌లో గాలి గూళ్ళు ఏర్పడి అలాగే ఉండిపోతాయి, ఆ చోట ప్లేటు ఇక పని చేయదు.

ఇంతకీ ఎప్పుడో గానీ కరెంటు పోనిచోట బ్యాటరీని ఏళ్ళ తరబడి ఫ్లోట్ మీద ఉంచడం అవసరమా అని నాకు డౌటొచ్చింది. పెద్ద యూపీఎస్‌లు కొన్ని ఇదే ఆలోచనతో నడుస్తాయి, నిండాక చార్జర్ పూర్తిగా ఆగిపోతుంది, బ్యాటరీ కొన్ని రోజులు రెస్టులో ఉంటుంది, వోల్టేజ్ ఒక హద్దు దాకా జారాక మళ్ళీ చార్జర్ లేచి నింపుతుంది. దీన్ని ఇంటర్మిటెంట్ చార్జింగ్ అంటారు. ఎక్కువ చార్జింగ్ వల్ల వచ్చే ఎండిపోవడం, తుప్పు, రెండూ తగ్గుతాయి. అలాగని బ్యాటరీని విప్పి నెలల తరబడి పక్కన పెట్టేస్తే మంచిదని కాదు, రెస్టులో కూడా చట్రం తుప్పు ఆగదు, నిజానికి రెస్ట్ వోల్టేజ్‌కి కొద్దిగా పైన ఉంచినప్పుడే ఆ తుప్పు అన్నిటికంటే తక్కువట. పైగా చార్జ్ దానంతటదే దిగిపోవడం ఒకటి ఉంటుంది, వేడిలో మరీ ఎక్కువ. రోజూ కరెంటు పోయేచోట ఈ పద్ధతి అసలు వద్దు, రెస్టులో ఉండగా కరెంటు పోతే నిండుగా లేని బ్యాటరీతో మొదలెట్టాల్సి వస్తుంది. నా చిన్న యూపీఎస్‌లో ఆ సదుపాయం లేదు, ఫ్లోట్‌ని లోపలున్న ప్రీసెట్ (వోల్టేజ్ సర్దే చిన్న స్క్రూ) తిప్పి 13.5కి దించుకున్నాను, మెయిన్స్ పీకేసి చాలాసేపు ఆగాక. అలవాటు లేనివాళ్ళు లోపల చేయి పెట్టొద్దు.

రెండు బ్యాటరీలు సిరీస్‌లో పెట్టి 24 వోల్టుల సిస్టమ్ నడిపేవాళ్ళు ఒక్కసారి ఒక్కోదానికి విడివిడిగా మీటర్ పెట్టి చూడండి. చార్జర్‌కి మొత్తం 27.2 కనిపిస్తుంది, అంతా బాగుంది అనుకుంటుంది. లోపల మాత్రం ఒకటి 14.1 మీద ఉడుకుతూ ఇంకోటి 13.1 మీద ఆకలితో ఉండొచ్చు, అంటే నాకొచ్చిన రెండు జబ్బులూ ఒకే సిస్టమ్‌లో. పాతదాని పక్కన కొత్తది కలిపితే జరిగేది ఇదే. బ్యాలెన్సర్ (రెండిటి వోల్టేజ్ సమానంగా ఉంచే పరికరం) పెట్టుకోవచ్చు, అంతకంటే ముందు రెండూ ఒకేసారి, ఒకే రకానివి కొనడం మంచిది.

నీళ్ళ గురించి ఎక్కువ చెప్పను, డిస్టిల్డ్ వాటరే పోయాలి, యాసిడ్ ఎప్పుడూ పోయకూడదు, చార్జింగ్ అయ్యాకే పోయాలి ఎందుకంటే చార్జింగ్‌లో మట్టం పైకొస్తుంది, ముందే అంచు దాకా పోస్తే పొర్లి యాసిడ్ బయటికొస్తుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం మునిగేంత పోసి అప్పుడు చార్జింగ్ పెట్టండి. కానీ నీళ్ళు ఎన్నాళ్ళకోసారి పోయాల్సి వస్తోందో ఒక కాగితం మీద రాసి బ్యాటరీ మూతకి అతికించండి. అదే మీ చార్జర్ రిపోర్ట్ కార్డు. మూడు నెలలకోసారి పోసేది నెలకోసారి అయిందంటే ఫ్లోట్ ఎక్కువైంది, లేదా వేడి ఎక్కువైంది, లేదా బ్యాటరీ ముసలిదైంది. అసలు నీళ్ళే అడగట్లేదు భలే ఉంది అని మురిసిపోకండి, నాది కూడా ఏడాదిన్నర పాటు అడగలేదు, ఎందుకో తర్వాత తెలిసింది కదా.

సల్ఫేషన్ పోగొడతామని అమ్మే పల్స్ డబ్బాలు (బ్యాటరీలోకి కరెంటుని చిన్న చిన్న దెబ్బలుగా పంపేవి) కూడా ఒకటి తెచ్చి నెల రోజులు తగిలించి చూశాను, ముందూ వెనకా గ్రావిటీ రాసుకున్నాను, తేడా హైడ్రోమీటర్ చదవడంలో చేసే పొరపాటు కంటే తక్కువే ఉంది. కొందరికి పని చేసిందంటారు. నాకైతే మామూలు ఈక్వలైజ్ చేసినంత కూడా చేయలేదు, ఇప్పుడది డ్రాయర్‌లో ఉంది.

ఇప్పుడు నెలకోసారి, ఫుల్ చార్జ్ అయ్యాక, ఆరు సెల్స్ గ్రావిటీ, ఫ్లోట్ వోల్టేజ్, ఫ్లోట్‌లో లాగే కరెంటు, బ్యాటరీ పక్కన వేడి, ఈ నాలుగూ ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నా. వీటిలో ఫ్లోట్ కరెంటు మీదే నా కన్ను ఎక్కువ, వోల్టేజ్ అదే ఉండి వేడి అదే ఉండి కరెంటు మాత్రం నెలనెలా పెరుగుతుంటే లోపల ఏదో మొదలైందని. ఇప్పటికి ఐదు నెలల రీడింగులు ఉన్నాయి, దాదాపు ఒకేలా ఉన్నాయి. ఆ నాలుగో సెల్ మాత్రం మధ్యలో 1.215 దాకా ఎక్కి మళ్ళీ 1.210కి దిగింది. వచ్చే ఆదివారం ఇంకోసారి ఈక్వలైజ్ పెట్టి చూస్తా, అప్పటికీ ఎక్కకపోతే అది ఇక అంతే అనుకోవాలి.